కెమెరాలకు రాత్రి లెక్క: ఎర్రగుంట్ల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 2

సాయంత్రం ఆరు నుంచి వేబ్రిడ్జి గదిలో కూర్చున్నాను. ఎర్రగుంట్ల దగ్గర ఈ బండల ఫ్యాక్టరీ ఓనరన్న నెల రోజులుగా ఫోన్లో ఒకటే మాట చెప్తున్నాడు. "పగలంతా కెమెరాలు బాగుంటాయి సామీ. లారీలు పోయేది రాత్రి. సరిగ్గా ఆ టైముకే స్క్రీను నల్లగా అయిపోతుంది." ఇంతకు ముందు పని చేసినవాళ్లు రెండుసార్లు కెమెరా మార్చారట. కెమెరా మారింది, జబ్బు అలాగే ఉంది.

అందుకని ఈసారి ఏదీ విప్పకుండా ముందు చూద్దామని వచ్చాను. కెమెరాల వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్కు స్విచ్చి ప్లగ్గుకు వాట్ మీటరు తగిలించి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ఈ స్విచ్చి నుంచే నెట్‌వర్కు వైరు గుండా కెమెరాలకు కరెంటు కూడా పోతుంది. దాన్నే పీఓఈ అంటాం. గోడలకు ఐదు మామూలు కెమెరాలు, స్తంభం మీద తిరిగే కెమెరా ఒకటి. 6:20కి మీటరు మీద 41 వాట్లు.

6:40 దాటాక బయట గోడ మీది కెమెరాలో 'టక్'మని చిన్న చప్పుడు. లెన్సు వెనకాల, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును ఆపే ఫిల్టరు పక్కకు జరిగిన చప్పుడు అది. వెంటనే లెన్సు చుట్టూ ఉన్న చిన్న లైట్లు మసక ఎరుపులోకి వచ్చాయి. మీటరు 47. ఇంకో నిమిషానికి రెండో కెమెరా టక్. 53. మూడోది, నాలుగోది, ఐదోది. 71 దగ్గర ఆగింది. అప్పటికీ అన్నీ పని చేస్తూనే ఉన్నాయి. చివర్లో తిరిగే కెమెరా తన పెద్ద లైటు వెలిగించింది, స్విచ్చి మీద దాని పోర్టు లైటు ఆరిపోయింది. నిమిషం తర్వాత స్విచ్చి మళ్లీ కరెంటు ఇచ్చింది. కెమెరా లేచి, మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పి, చీకటి చూసి, లైటు వేసి, మళ్లీ పడిపోయింది. ఎనిమిది గంటల దాకా ఇదే వరస.

లారీ నంబరు ప్లేటు కనిపించేది ఆ ఒక్క కెమెరాలోనే. అది ఎనిమిదో పోర్టులో ఉంది. మొత్తం కరెంటు చాలనప్పుడు ఈ స్విచ్చి ముందు వదిలేసేది ఆఖరి పోర్టునే. పాపం, ఆ కెమెరాకు ఏ రోగమూ లేదు.

ఏప్రిల్ 4

కాగితం మీద లెక్క. మామూలు కెమెరా పగలు 4.2 వాట్లు తింటోంది. డేటాషీటులో రాత్రి గరిష్ఠం 9.5 అని ఉంది. తిరిగేది పగలు 11, రాత్రి మోటారు, లైటు కలిసి 24. పగటి లెక్క 32 వాట్లు, రాత్రి లెక్క 71.5. ఇవి కెమెరాలవి మాత్రమే, మొన్న ప్లగ్గు మీటరు చూపినదాంట్లో స్విచ్చి తన కోసం తినేదీ కలిసి ఉంది. స్విచ్చి కెమెరాలకు మొత్తంగా ఇవ్వగలిగింది 60. పాతవాళ్లు మధ్యాహ్నం మీటరు పెట్టి చూసి "సగమే కదా వాడుతోంది" అనుకుని ఉంటారు. లెక్క తప్పు కాదు, వేసిన వేళ తప్పు.

పీఓఈలో జనం తికమకపడే చోటు ఇంకొకటుంది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం పోర్టు దగ్గర 15.4 వాట్లు, కెమెరా దగ్గర చేతికొచ్చేది 12.95. 2009 నాటి ఏటీలో 30, 25.5. 2018 నాటి బీటీలో పోర్టు దగ్గర 90 దాకా పోతుంది. ఈ తేడా ఎక్కడికి పోతోందని చాలామంది అడుగుతారు. వైరులో వేడిగా పోతోంది. ఏటీలో కరెంటు 0.6 ఆంపియర్లు, వంద మీటర్ల వైరుకు పోనూ రానూ అనుమతించిన నిరోధం 12.5 ఓములు. 0.6ను 0.6తో, దాన్ని 12.5తో గుణిస్తే 4.5. ముప్పైలోంచి 4.5 తీస్తే 25.5. ఏఎఫ్‌కు 0.35 ఆంపియర్లు, 20 ఓములు. 2.45 వస్తుంది, 15.4లోంచి తీసేస్తే 12.95. ఈ అంకెలు ఎవరో ఊహించి రాసినవి కావని, వైరు నిరోధంలోంచి పుట్టినవని తెలిసిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. అప్పటి నుంచి ఈ అంకెలు బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

వైరు మాట వచ్చింది కాబట్టి ఇక్కడి పాత కేబులు కోసి చూశాను. పైన రాగి రంగే. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. దీని నిరోధం రాగితో పోలిస్తే ఒకటిన్నర రెట్లకు పైనే. తిరిగే కెమెరాకు పోయే 80 మీటర్ల వైరు ఇదే. స్విచ్చిలో 48 వోల్టులు బయలుదేరితే చివర్లో 42 దగ్గరికి వచ్చేస్తాయి. ఏటీ కెమెరాకు కనీసం 42.5 కావాలి. అంటే పెద్ద స్విచ్చి పెట్టినా ఈ వైరుతో కెమెరా పడి లేస్తూనే ఉండేది. మొత్తం పీకేసి, అసలు రాగి క్యాట్ 6 వేయాలని రాసుకున్నాను. స్విచ్చి 120 వాట్లది. 71.5కు వైరు నష్టం మూడు వాట్లు కలిపినా 75 లోపే, రేపు ఇంకో కెమెరా పెట్టినా ఇబ్బంది లేదు.

కొత్త స్విచ్చిలో ఒక సెట్టింగు చూసుకోవాలి. కొన్ని స్విచ్చిలు కెమెరా నిజంగా వాడేదాన్ని కాకుండా దాని క్లాసును, అంటే గరిష్ఠంగా ఎంత కావాలో చెప్పే తరగతిని బట్టి కరెంటు పక్కన పెట్టేస్తాయి. క్లాసు 3 అయితే ఒక్కోదానికి 15.4. ఐదింటికి 77, క్లాసు 4 అయిన తిరిగేదానికి 30. మొత్తం 107. 120లో ఇదీ సరిపోతుంది కానీ ఇంకో కెమెరాకు చోటుండదు. అసలు వాడకం చొప్పున అని మార్చి, తిరిగే కెమెరా పోర్టుకు ప్రాధాన్యం ఎక్కువ అని పెట్టాలి.

ఏప్రిల్ 7

అన్ని చోట్లనూ ఆఫీసుకు కలిపే మొత్తం ప్లాను ఓనరన్నతో మాట్లాడాను. ఆఫీసు నుంచి పాలిష్ షెడ్డు 180 మీటర్లు, వేబ్రిడ్జి 650 మీటర్లు, స్టాకు యార్డు 1.4 కిలోమీటర్లు, గని దాదాపు పదకొండు కిలోమీటర్లు. రాగి వైరు వంద మీటర్లు దాటకూడదు కాబట్టి అన్నిటికీ ఫైబరే. మొదటి మూడూ అన్న సొంత స్థలంలో మనం లాగే కేబులు. గనికి మాత్రం అటు పోయే లోకల్ కేబుల్ ఆపరేటరు తన 12 కోర్ల కేబుల్లో ఒక కోరు, అంటే ఒక గాజు తీగ, బాడుగకు ఇస్తానన్నాడు. ఒక్కటే కోరు కాబట్టి రానూ పోనూ రెండు వేర్వేరు తరంగాల మీద నడిచే బైడై మాడ్యూళ్లు వాడాలి. మాడ్యూలు అంటే స్విచ్చిలో దూర్చే చిన్న ముక్క, తీగలోకి వెలుతురు పంపేదీ వచ్చేది చదివేదీ అదే. ఒక చివర 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండో చివర దీనికి తిరగేసి. జత చూసి కొనకపోతే రెండూ పంపేవి ఒకటే అవుతాయి, లింకు రాదు.

"పదకొండు కిలోమీటర్లు లైటు పోతుందా? మధ్యలో కరెంటు ఏమీ పెట్టకుండానే?" అని అడిగాడు. అన్నవాళ్లకు పులివెందుల వైపు చీనీ తోట ఉంది. మండీ లెక్కలో చెప్పాను. "బండిలో వేసినంతా మన చేతికి రాదు కదన్నా. తరుగు పోతుంది, కమీషను పోతుంది, హమాలీ పోతుంది, బాడుగ పోతుంది. మిగిలింది ఇల్లు గడవడానికి చాలాలి. ఇక్కడ లేజరు పంపే వెలుతురు మన సరుకు. దూరానికి తరుగు, జాయింటుకు కొంత, కనెక్టరుకు కొంత. మిగిలింది అవతలి మాడ్యూలు చదవగలిగినంత ఉంటే లింకు నిలబడుతుంది." వెంటనే అర్థమైంది. "మరి తరుగు ఎవరు కొలుస్తారు?" అన్నాడు. అదే సరైన ప్రశ్న. ఈ పనిలో మీటరు లేకుండా మాట్లాడకూడదు.

ఏప్రిల్ 9

గని లింకు లెక్క పూర్తి చేశాను. ఇది వివరంగా రాసుకుంటున్నా, యార్డుకీ వేబ్రిడ్జికీ ఇందులో పదో వంతు ఆలోచన కూడా అక్కర్లేదు.

డీబీఎం అంటే ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే కొలత. సున్నా అంటే ఒక మిల్లీవాటు, మైనస్ పది అంటే అందులో పదో వంతు, మైనస్ ఇరవై అంటే నూరో వంతు. ప్రతి మూడు డీబీకి వెలుతురు సగమవుతుంది. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే గుణకారాలన్నీ కూడికలైపోతాయి. ఫైబర్ పని చేసే కుర్రాళ్లు "మైనస్ పద్దెనిమిది వస్తోందన్నా" అని అంత తేలిగ్గా మాట్లాడేది అందుకే.

రోడ్డు మీద బండి మీటరు 10.8 కిలోమీటర్లు చూపించింది. కేబుల్ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. స్తంభాల మధ్య వేలాడేది, ప్రతి జాయింటు దగ్గర చుట్ట చుట్టి ఉంచేది కలపాలి. 12 అనుకున్నా. 1310 దగ్గర కిలోమీటరుకు 0.4 డీబీ చొప్పున 4.8. రెండు కిలోమీటర్లకో డ్రమ్ము చొప్పున మధ్యలో ఐదు జాయింట్లు, రెండు చివర్లలో పిగ్‌టెయిళ్లు, అంటే కనెక్టరు ఉన్న పొట్టి తీగ ముక్కలు. ఈ తీగ అతుకులనే స్ప్లైసులు అంటాం. ఏడు స్ప్లైసులకు 0.1 చొప్పున 0.7. కనెక్టర్ల జతలు రెండు చివర్లా ఒక్కోటి, ఆపరేటరు డబ్బాలో ఒకటి. మూడింటికి 0.5 చొప్పున 1.5. మొత్తం 7.0 డీబీ. రేపు ఏ టిప్పరో తీగ తెంపితే కొత్త స్ప్లైసులు పడతాయి, మాడ్యూలు ముసలిదవుతుంది, కనెక్టరుకు దుమ్ము పడుతుంది. వాటి కోసం 3 డీబీ పక్కన. మొత్తం 10.

ఇప్పుడు మాడ్యూలు. 10 కిలోమీటర్ల రకం, అంటే 1000బేస్-బీఎక్స్10 ప్రకారం, కనీసం మైనస్ 9 పంపుతుంది, మైనస్ 19.5 దాకా చదువుతుంది. చేతిలో ఉన్నది 10.5. లెక్కకు అందుతుంది కానీ అర డీబీ మిగులుతో నేను నిద్రపోలేను, దూరం కూడా పది దాటింది. 20 కిలోమీటర్ల రకం డేటాషీటులో పంపేది మైనస్ 9, చదివేది మైనస్ 22. పదమూడు. నష్టం ఏడు, పక్కన పెట్టింది మూడు, ఇంకా మూడు మిగులు. ఇదే తీసుకుంటా.

కడప ఏడురోడ్ల దగ్గర షాపులో "80 కిలోమీటర్లది పెట్టెయ్ అన్నా, దిట్టంగా ఉంటుంది, కొంచెమే తేడా" అన్నారు. వద్దన్నాను. దాని డేటాషీటు చూపించాను. పంపేది ప్లస్ 5 దాకా, వినే చివర మైనస్ 3 కంటే ఎక్కువ వెలుతురు పడకూడదు. మన దారిలో నష్టం ఐదే అయితే అవతల సున్నా వచ్చి పడుతుంది. ముఖం మీద హెడ్‌లైటు కొట్టినట్టు, అది ఏమీ చదవలేదు. తక్కువలో తక్కువ నష్టం ఎంతో కూడా లెక్క వేయాలి. లేదంటే వెలుతురు తగ్గించే అటెన్యుయేటరు మళ్లీ కొనాలి.

1966లో చార్లెస్ కావో గాజు తీగలో నష్టం కిలోమీటరుకు 20 డీబీకి దించగలిగితే సమాచారం పంపడానికి పనికొస్తుందని రాశాడు. 1970లో కార్నింగ్ వాళ్లు 17కు తెచ్చారు. ఆ గాజుతో అయితే మన పన్నెండు కిలోమీటర్లకు రెండు వందల డీబీ పోయేది. ఇప్పుడు బజారులో దొరికే మామూలు తీగలో ఐదు కూడా పోదు. ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరుగుతుంది.

ఏప్రిల్ 15

పాలిష్ షెడ్డు. ఇక్కడి నాపరాయిని నీళ్లు పోస్తూ కోసి, నీళ్లు పోస్తూ పాలిష్ పడతారు. తడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఆరాక ఆ బురదే బూడిద రంగు పొడి అయి గాలికి లేస్తుంది. పొద్దున నల్ల చొక్కాతో వచ్చిన, నా దగ్గర పని నేర్చుకునే తమ్ముడు మధ్యాహ్నానికి తెల్లబడ్డాడు.

180 మీటర్లకు నష్టం ఎంత? తీగకు లెక్కలోకి రానంత, రెండు స్ప్లైసులు, రెండు కనెక్టర్లు కలిసి 1.3 దగ్గర ఉండాలి. ఆఫీసు నుంచి మైనస్ 6 పంపుతోంది, ఇక్కడ మైనస్ ఏడున్నర దగ్గర రావాలి. వచ్చింది మైనస్ 14.8. లింకు మాత్రం వచ్చేసింది, పచ్చ లైటు వెలుగుతోంది. తమ్ముడు సర్దేయబోయాడు. ఆపాను.

కనెక్టరు కొసను మైక్రోస్కోపు కింద పెట్టి అతనికి చూపించాను. మధ్యలో వెలుతురు పోయే భాగం 9 మైక్రాన్లే, మన తల వెంట్రుకలో చాలా చిన్న భాగం. దాని పక్కన రాతిపొడి రేణువు బండరాయిలా కూర్చుంది, కొంత దాని మీదికి కూడా వచ్చింది. "బిగించే ముందు తుడిచానే అన్నా" అన్నాడు. దేంతో అంటే అంగీ కొసతో. ఆ అంగీకే కదా పొడి ఉంది. కోప్పడలేదు, నేనూ నేర్చుకునే రోజుల్లో అదే చేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన, నూగు రాలని కాగితంతో ఒకసారి, పొడి కాగితంతో ఒకసారి, పెన్ను లాంటి క్లీనరుతో సాకెట్టు లోపల. మళ్లీ మైక్రోస్కోపులో చూసి బిగించాం. మైనస్ 7.6.

ఇంకో భయం ఉంది. రాతిపొడి గాజు మీద ఒత్తుకుంటే గీత పడొచ్చు, ఆ గీత తుడిస్తే పోదు. కాబట్టి ఈ షెడ్డులో రూలు: మూత తీసిన వెంటనే శుభ్రం చేయాలి, చేసిన వెంటనే బిగించాలి, వాడని ప్రతి పోర్టుకూ మూత ఉండాలి. స్విచ్చి పెట్టెను కూడా మిషన్ల వైపు నుంచి తీసి ఆఫీసు గోడ వైపు మార్చి, తలుపుకు రబ్బరు పట్టీ వేయించాను.

షెడ్డులో కరెంటు సంగతి కూడా చూశాను. కటింగ్ మిషన్ మోటారు ఎత్తుకోగానే 230 ఉన్న వోల్టేజీ 178కి పడి లేస్తోంది. స్విచ్చి అడాప్టరు 100 నుంచి 240 దాకా తట్టుకునేదే కాబట్టి దీనికి ఏమీ కాదు. అయినా మోటార్ల లైనులోంచి తీసి ఆఫీసు లైటింగు లైనులోకి మార్పించాను.

ఏప్రిల్ 21

గని లింకు కలిపాం. మాడ్యూళ్లు పెట్టగానే రెండు చివర్లా పచ్చ లైటు. ఓనరన్న ఫోన్లో గని చూసి చాలా సంతోషించాడు, పనివాళ్లందరికీ టీ తెప్పించాడు. నాకు మాత్రం ఆ టీ రుచించలేదు. స్విచ్చి చూపించే అంకెల్లో గని వైపు మైనస్ 12.2, ఆఫీసు వైపు మైనస్ 17.8. రెండూ దాదాపు ఒకే బలంతో పంపుతున్నాయి. తీగ అదే, జాయింట్లు అవే. ఆఫీసుకు వచ్చేది 1550 మీద. ఆ తరంగానికి తీగలో నష్టం ఇంకా తక్కువ ఉండాలి, కిలోమీటరుకు 0.25 అనుకున్నా మొత్తం 5.2 లోపు. పోయింది పదకొండు పైన.

లైట్ సోర్సు, పవర్ మీటరు పెట్టి విడిగా కొలిచాం. 1310 దగ్గర 6.1 డీబీ. 1550 దగ్గర 11.4. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూశాక వెతకాల్సిందేమిటో తెలిసిపోయింది. స్ప్లైసు చెడితే రెండు తరంగాలకూ దాదాపు సమానంగా పోతుంది, దుమ్మైనా అంతే. పొడుగు తరంగానికే ఇంత పోతోందంటే తీగ ఎక్కడో ఇరుకుగా వంగి ఉంది. వంపు దగ్గర 1550 ముందు బయటికి జారిపోతుంది, 1310 ఓర్చుకుంటుంది.

పచ్చ లైటు వెలుగుతోంది కదా, వదిలేద్దామా అని ఆపరేటరు మనిషి అన్నాడు. మైనస్ 22 దాకా చదువుతుంది, ఇంకా నాలుగు డీబీ ఉంది కదా అన్నాడు. ఆ నాలుగులో మూడు రిపేర్ల కోసం దాచుకున్నవి. పైగా వంగిన గాజు అలాగే ఉండిపోదు. ఎండకు, చలికి లాగుతూ ఏదో ఒక రోజు పగులుతుంది. అది రాత్రి పూట, వానలో పగులుతుంది. వదలనన్నాను.

ఏప్రిల్ 22

ప్రొద్దుటూరులో ఒక మిత్రుడి దగ్గర ఓటీడీఆర్ తెచ్చుకున్నా. తీగలోకి వెలుతురు తునక పంపి, తిరిగొచ్చే మెరుపును బట్టి ఎంత దూరంలో ఏముందో గీత గీసి చూపే పరికరం అది. మొత్తం పొడవు 11.6 కిలోమీటర్లు తేలింది. 1550 గీత 7.3 కిలోమీటర్ల దగ్గర మెట్టు దిగినట్టు కిందికి పడింది. 1310 గీతలో అదే చోట చిన్న గీటు మాత్రమే.

కేబుల్ మీద 7.3 అంటే రోడ్డు మీద ఇంకా తక్కువ. ఆరున్నర దగ్గర బండి మెల్లగా పోనిస్తూ స్తంభాలు చూసుకుంటూ వెళ్లాం. ఒక ఊరి మొదట్లో వేపచెట్టు పక్క స్తంభానికి జాయింటు డబ్బా, దాని కింద పెద్ద చుట్ట. తమ్ముడు నిచ్చెన వేసి దించి మూత విప్పాడు. ట్రేలో నారింజ రంగు కోరు, అదే మనది, చుట్టలోంచి తప్పించుకుని అంచు కొక్కేనికి చిటికెన వేలంత చుట్టు చుట్టుకుని ఉంది. మూత దాని మీద ఒత్తుకుంటోంది. మొన్న మన స్ప్లైసు కోసం ఈ డబ్బా తెరిచి, చీకటి పడుతోందని తొందరలో మూసేసినట్టున్నారు.

గనిలో 1550 సోర్సు వెలుగుతోంది. ఆఫీసులో మీటరు దగ్గర ఓనరన్న కొడుకును కూర్చోబెట్టి ఫోను స్పీకరులో పెట్టాం. తమ్ముడు రెండు వేళ్లతో కోరును కొక్కెం నుంచి మెల్లగా ఎత్తాడు. "పదకొండు నాలుగు... పదకొండు... తొమ్మిది... అన్నా ఏడు... ఐదు మూడు. ఐదు మూడే ఉంది. ఆగిపోయింది." ఆ ఎండలో, ఆ నిచ్చెన కింద నిలబడి ఆ అంకెలు వింటుంటే ఒళ్లు జలదరించింది. అరచేతి వెడల్పు చుట్టతో మళ్లీ ట్రేలో పరిచి, మిగతా కోర్లు కూడా సర్ది, మూసే ముందు ఇంకోసారి అడిగాం, మూశాక ఇంకోసారి. ఐదు మూడే. 1310 కూడా 5.8కి వచ్చింది.

ఏప్రిల్ 25

గనిలో కరెంటు. ఇక్కడ ఆరు మామూలు కెమెరాలు, ఒక తిరిగేది. రాత్రి లెక్క 81 వాట్లు, వైరు నష్టంతో 85, స్విచ్చి తన కోసం తినేది 8. మొత్తం 93. సరఫరా పోతే ఒక్కోసారి ఐదు గంటలు రాదని వాచ్‌మన్ తాత చెప్పాడు. ఆరు గంటలకు కడతాను.

ఇన్వర్టరు పెడితే బ్యాటరీ కరెంటును 230 చేసి, స్విచ్చి అడాప్టరు దాన్ని మళ్లీ 54 చేస్తుంది. రెండు మార్పిళ్లు, రెండు చోట్లా నష్టం, 93 కాస్తా బ్యాటరీ దగ్గర 120 దాటుతుంది. అందుకని 24 వోల్టుల డీసీ నేరుగా తీసుకుని లోపలే పెంచుకునే స్విచ్చి ఎంచుకున్నా. పది శాతం నష్టం అనుకున్నా 103 వాట్లు. ఆరు గంటలకు 620 వాట్ అవర్లు. 12 వోల్టులవి, 65 ఆంపియర్ అవర్లవి రెండు ట్యూబులర్ బ్యాటరీలు 1560. సగం కన్నా కిందికి దించకూడదు, అంటే 780. మూడేళ్ల తర్వాత సత్తువ ఐదో వంతు తగ్గినా 624 ఉంటుంది. ఛార్జరు 10 ఆంపియర్లది. నాలుగు పైచిలుకు స్విచ్చికి పోయినా మిగిలింది బ్యాటరీకి చాలు.

"టిప్పర్లకు ఉండేది కూడా ఇరవై నాలుగు వోల్టులే కదా, పాత బ్యాటరీలు రెండున్నాయి, అవి పెడితే పోలా?" అని ఓనరన్న అడిగాడు. న్యాయమైన మాటే. కానీ బండి బ్యాటరీ పుట్టింది ఇంజను స్టార్టు చేయడానికి, రెండు మూడు క్షణాలు పెద్ద కరెంటు ఇచ్చి వెంటనే నిండిపోవడానికి. గంటల కొద్దీ కొంచెం కొంచెంగా ఖాళీ చేస్తే కొన్ని నెలల్లో ప్లేట్లు పాడైపోతాయి. రెండింటి తేడా గీసి చూపించాక ఒప్పుకున్నాడు.

పిడుగు సంగతి: గని దాకా వచ్చిన కేబుల్లో లోహం లేదు, కాబట్టి అటు నుంచి భయం లేదు. తిరిగే కెమెరా స్తంభానికి, ఛార్జరుకు విడిగా ఎర్తింగు వేయించాను, కెమెరా వైరుకు సర్జ్ ప్రొటెక్టరు పెట్టాను.

మే 3

మధ్యాహ్నం రెండింటికి గని మాడ్యూలు తన వేడి 71 డిగ్రీలని చూపించింది. మనం పెట్టింది 70 దాకా తట్టుకునే రకం. ఇనుప పెట్టె పడమటి ఎండకు ఎదురుగా ఉంది. చెయ్యి పెడితే కాలింది. మైనస్ 40 నుంచి 85 దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం మాడ్యూలు తెప్పిస్తున్నా. అది వచ్చే దాకా ఎండ పడకుండా ఏదో చేయాలి.

చుట్టూ బండలే కదా. మేస్త్రికి చెప్తే నాలుగడుగుల బండలు రెండు తెచ్చి పెట్టెకు పడమర, దక్షిణం నిలబెట్టాడు. పెట్టెకూ బండకూ మధ్య జానెడు సందు వదలమన్నాను, గాలి ఆడాలి. పైన ఇంకో బండ వాలుగా. (మర్నాడు చేర్చింది: అదే సమయానికి 62.) కడప బండ ఇంటి నేలకే కాదు, ఇక్కడ స్విచ్చికీ నీడైంది.

మే 9

రాత్రి పరీక్ష. సాయంత్రమే గనికి వచ్చాను. వాచ్‌మన్ తాత సంగటి, చెనక్కాయల పచ్చడి తెచ్చుకున్నాడు, నాకూ పెట్టాడు. చీకటి పడి ఏడు కెమెరాలూ టక్ టక్ మన్నాక, తొమ్మిదింటికి ఛార్జరు ప్లగ్గు పీకేశాను. బ్యాటరీ 25.4 వోల్టులు. పదకొండింటికి 25.0. ఒంటిగంటకు 24.6. తాత మధ్యలో నిద్రపోయి లేచి "ఇంకా వెలుగుతాండాయా నాయనా?" అని అడిగాడు. మూడింటికి 24.2, ఏ పోర్టూ పడలేదు. ప్లగ్గు పెట్టేశాను. ఆ ఆరు గంటల్లో వచ్చే వెలుతురు గనిలో మైనస్ 11.9, ఆఫీసులో మైనస్ 11.7. రెండూ పదో వంతు డీబీ కూడా కదల్లేదు.

వేబ్రిడ్జిలో కొత్త స్విచ్చి, కొత్త వైరు పడి పది రోజులైంది. తిరిగే కెమెరా ఒక్క రాత్రి కూడా పడలేదు.

ప్రతి పెట్టె తలుపు లోపల ఒక కాగితం అంటించాను. మొదటి వరసలో ఈ రోజు తేదీ, వచ్చే వెలుతురు, రాత్రి వాట్లు, బ్యాటరీ వోల్టులు. కింద వరసలు ఖాళీ. నెలకోసారి నింపమని ఓనరన్న కొడుక్కు మీటరు చూడటం నేర్పించాను. గని కాగితం మీద మొదటి వరస అతనే రాశాడు. 11.9 ముందు మైనస్ గుర్తు మరిచిపోయి, గుర్తొచ్చి, పక్కనే పెద్దదిగా గీశాడు.